సర్వర్ ఆపేశాను, పింగ్ ఆగలేదు: ఒకే అడ్రస్‌తో రెండు సర్వర్లు, నా అనుభవం

నల్గొండలో ఒక వంద పడకల ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్ల పని చూస్తాను. నా కింద ఒక కుర్రాడు ఉంటాడు, ఇద్దరమే. 2025 జూన్‌లో మా బిల్లింగ్ సర్వర్ ఐపీ అడ్రస్‌నే (నెట్‌వర్క్‌లో ఆ మెషీన్‌ని గుర్తుపట్టే నంబరు) ఇంకో మెషీన్ కూడా వాడుకుంది. ఆ సంగతి కనిపెట్టడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. దానివల్ల జరిగింది సరిచేయడానికి ఇంకో రెండు వారాలు పైనే పట్టింది. ఇలాంటిది ఇంకెవరికైనా ఎదురైతే ఏం చూడాలో తెలుస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు మార్చి సంగతి చెప్పాలి. మా పాత సర్వర్ 2018లో కొన్న టవర్ మెషీన్. 2025 మార్చి 22 శనివారం రాత్రి దాన్ని ఉన్నది ఉన్నట్టు కాపీ తీసి, కొత్త రాక్ సర్వర్ మీద వర్చువల్ మెషీన్‌గా (పెద్ద సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్) పెట్టాం. అదే ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్), అదే పేరు, అదే ఐపీ అడ్రస్ 192.168.1.10. అడ్రస్ మార్చకపోవడానికి కారణం ఉంది. కౌంటర్లలో, ల్యాబ్‌లో, వార్డుల్లో కలిపి 46 కంప్యూటర్లలో ఆ అడ్రస్సే రాసి ఉంది. తెల్లారేసరికి అంతా కొత్తదాని మీద నడిచింది. పాత టవర్‌ని షట్‌డౌన్ చేసి, రాక్ కింద అరలో అలాగే ఉంచాను. ఎప్పుడైనా అవసరం పడితే వెంటనే ఆన్ చేసుకోవచ్చని కరెంటు వైరు, నెట్‌వర్క్ కేబుల్ రెండూ తీయలేదు. ముందు వైపు 'పాత సర్వర్ – వాడవద్దు' అని కాగితం అంటించాను. ఆ కాగితం సరిగ్గా పవర్ లైటు మీద పడింది.

జూన్ 14 శనివారం సాయంత్రం యూపీఎస్ బ్యాటరీలు మార్చారు. 16 బ్యాటరీలు. నేను దగ్గరుండి కొత్త సర్వర్‌ని పద్ధతిగా ఆపాను. రాత్రి 9:40కి కరెంటు ఇచ్చారు, సర్వర్ లేచింది, ఒక బిల్లు కొట్టి చూశాను, వచ్చింది. ఇంటికెళ్ళిపోయాను. ఆదివారం ఓపీ ఉండదు, క్యాజువాలిటీ ఒక్కటే. ఫోన్ రాలేదు.

సోమవారం 16న పొద్దున 8:40కి మొదటి ఫోన్. రెండో కౌంటర్‌లో సాఫ్ట్‌వేర్ ఉన్నట్టుండి లాగిన్ పేజీకి వచ్చేస్తోంది అన్నారు. నేను వెళ్ళేలోపు మూడో కౌంటర్‌లో కూడా అదే. మళ్ళీ లాగిన్ అయితే పని చేస్తుంది, పావుగంట తర్వాత మళ్ళీ బయటికి తోసేస్తుంది. అన్నిటికంటే ముందు నేను చేసింది పింగ్, అంటే ఆ అడ్రస్‌కి చిన్న సందేశం పంపి జవాబు వస్తుందో లేదో చూడటం. సర్వర్‌కి పింగ్ చక్కగా వెళ్తోంది, ఒక్క ప్యాకెట్ కూడా పోలేదు. నెట్‌వర్క్ బాగుంది, తప్పు సాఫ్ట్‌వేర్‌దే అని అప్పుడే మనసులో తీర్మానం చేసేసుకున్నాను. ఆరోగ్యశ్రీ పోర్టల్ కూడా ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోంది. అది బయటి సర్వర్, మా సర్వర్‌తో దానికి సంబంధం లేదని తెలిసి కూడా, అది నడుస్తుంటే ధైర్యంగా అనిపించింది.

సర్వర్ రీస్టార్ట్ చేశాను. అన్నీ సర్దుకున్నాయి. ఊపిరి పీల్చుకున్నాను. అరగంట తర్వాత మళ్ళీ ఫోన్. ఆ రోజు ఐదుసార్లు రీస్టార్ట్ చేశాను, ఐదుసార్లూ ఇరవై నిమిషాల నుంచి అరగంట దాకా బాగానే నడిచింది. ఎందుకో ఇప్పుడు తెలుసు. మా సర్వర్ లేస్తూనే నెట్‌వర్క్ అంతటికీ వేసే కేకల్లో 'ఈ అడ్రస్ నాది' అని కూడా తెలుస్తుంది. కంప్యూటర్లన్నీ దానివైపు తిరుగుతాయి. కాసేపటికి ఒక్కొక్కటీ ఆ జ్ఞాపకం పోగొట్టుకుని, '192.168.1.10 ఎవరు?' అని మళ్ళీ కేక వేస్తుంది. అప్పుడు ఇద్దరు 'నేనే' అంటారు. ఎవరి జవాబు నిలబడితే ఆ కంప్యూటర్ వాళ్ళతో మాట్లాడుతుంది. అందుకే కొన్ని కౌంటర్లు బాగుంటాయి, కొన్ని బాగుండవు. గంట తర్వాత బాగున్నవి చెడిపోతాయి, చెడినవి బాగవుతాయి. రీస్టార్ట్‌తో బాగవుతోంది కదా అనే నమ్మకమే నన్ను రెండు రోజులు తప్పుదారిలో నడిపించింది.

ఆ సోమవారమే ఇద్దరు మనుషులు నాకు అసలు విషయం చెప్పారు. ఇది నేను మర్చిపోలేను.

మొదటి ఆమె ఏప్రిల్‌లో చేరిన క్యాషియర్. "సార్, నా ఒక్కదానికే యూజర్ లేదు అని వస్తోంది, పక్కన అక్కవాళ్ళకి లాగిన్ అవుతోంది" అంది. పాస్‌వర్డ్ తప్పు కొడుతున్నావేమో చూసుకో అని, మూడుసార్లు రీసెట్ చేసి ఇచ్చాను. ఆమె ఏప్రిల్‌లో చేరింది. పాత సర్వర్‌కి మార్చి 22 తర్వాత ప్రపంచం తెలియదు. ఆ పాత డేటాలో ఆమె పేరు లేదు. అందరిలో ఆమెకొక్కదానికే ఆ ఎర్రర్ ఎందుకు వస్తోందని ఒక్క నిమిషం ఆలోచించినా సరిపోయేది.

రెండో ఆమె మా సీనియర్ క్యాషియర్, పన్నెండేళ్ళ సర్వీసు. ఒక రసీదు పట్టుకుని నా గదికి వచ్చింది. "ఈ బిల్లు నంబర్ చూడు తమ్మీ. పొద్దుగాల 41 వేలల్ల ఉండె. గిప్పుడు 33 వేలల్ల వస్తున్నది. నంబర్ ఎనక్కి పోతదా?" చిన్న థర్మల్ కాగితం, కింద అంచు దగ్గర ఇంకా వెచ్చగా ఉంది. నంబర్ 33,971. తేదీ మాత్రం జూన్ 16 అనే ఉంది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి చెబుతానక్కా అని ఫొటో తీసి పెట్టుకున్నాను. అంతకు మించి దాని గురించి ఆలోచించలేదు.

రాత్రి క్యాష్ లెక్క తేలలేదు. పెట్టెలో ఉన్న డబ్బు రిపోర్టు కంటే 38,450 రూపాయలు ఎక్కువ ఉంది. తక్కువ ఉంటే ఎవరినైనా అడుగుతారు, ఎక్కువ ఉంటే ఎవరిని అడగాలి? అకౌంట్స్ ఆయన, క్యాషియర్లు పదకొండింటి దాకా కూర్చున్నారు. వాళ్ళ ముఖాలు చూడలేకపోయాను.

మంగళవారం సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు హైదరాబాద్ నుంచి రిమోట్‌లో చూశారు. టికెట్ పెట్టిన నాలుగు గంటలకు లైన్లోకి వచ్చారు. డేటాబేస్‌లో 33 వేల నంబరుతో జూన్ బిల్లు లేనే లేదన్నారు. నిజమే, వాళ్ళు చూస్తున్నది కొత్త సర్వర్‌ని. మరి రసీదు ఎక్కడి నుంచి వచ్చిందంటే, మీ నెట్‌వర్క్‌లో కనెక్షన్ తెగిపోతోంది, ముందు అది చూసుకోండి అన్నారు. ఎవరి తప్పూ కాదని ఇప్పుడు అనిపిస్తుంది కానీ ఆ పూట చాలా కోపం వచ్చింది.

మధ్యాహ్నం రెండున్నరకు ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. కాళ్ళలో వణుకు పుట్టింది అప్పుడే. టెక్నీషియన్ ఒక రక్తం ట్యూబు నా ముందు పెట్టాడు. బార్‌కోడ్ స్టిక్కర్ మీద పేషెంట్ నంబర్ 24,318, పేరు ఒక పెద్దామెది. స్కాన్ చేస్తే స్క్రీన్ మీద ఇరవై ఆరేళ్ళ అబ్బాయి పేరు వస్తోంది. "సార్, చిట్టీ మీద ఒకరు, ట్యూబు మీద అదే పేరు, కంప్యూటర్‌లో ఇంకొకరు. నేను రిజల్ట్ ఎక్కించను" అన్నాడు. రిజిస్ట్రేషన్ కౌంటర్ ఆ సమయంలో పాత సర్వర్‌తో మాట్లాడింది. అది మార్చిలో ఆగిన నంబర్ దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టి ఆమెకు 24,318 ఇచ్చింది. కొత్త సర్వర్‌లో ఆ నంబర్ మార్చి చివర్లో వచ్చిన ఆ అబ్బాయిది. ల్యాబ్ కంప్యూటర్ ఆ సమయంలో కొత్త సర్వర్‌తో మాట్లాడింది. ఆ టెక్నీషియన్ స్క్రీన్‌ని నమ్మి ఓకే కొట్టి ఉంటే ఆమె పొటాషియం రిజల్టు ఆ అబ్బాయి ఫైల్లోకి వెళ్ళేది. ఇద్దరిలో ఎవరికి ఏ మందు రాసేవారో!

వెంటనే సూపరింటెండెంట్ మేడమ్‌కి చెప్పాను. ఆమె కేకలు వేయలేదు. రేపు మధ్యాహ్నం లోపు తేలకపోతే కాగితం మీదికి వెళ్దాం, అప్పటిదాకా ప్రతి ట్యూబు మీద పేరు, వయసు చేత్తో రాయండి అని ల్యాబ్‌కి, వార్డులకు ఆర్డర్ ఇచ్చారు. నాకు తెలిసి ఆ వారం తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికంటే మంచిది అదే.

బుధవారం నెట్‌వర్క్ కాంట్రాక్టర్‌ని పిలిపించాను. విజిట్‌కి 3,500. ఆయన స్విచ్ (కంప్యూటర్ల కేబుళ్ళన్నీ వచ్చి కలిసే పెట్టె) పోతోందన్నాడు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి 24 పోర్టుల స్విచ్ తెప్పించాం, 9,800, కారు ఖర్చు వేరే. మధ్యాహ్నం మూడింటికి ఓపీ ఆపి, నేను ఒక్కొక్క కేబుల్ పీకి ఇస్తుంటే మా కుర్రాడు కొత్త స్విచ్‌లో పెట్టాడు. దేని మీదా లేబుల్ లేదు. ఆ కేబుళ్ళలో పాత టవర్‌ది కూడా ఉంది. దాన్నీ నా చేత్తోనే పీకి ఇచ్చాను, వాడు పెట్టాడు. నలభై నిమిషాలు అంతా బాగుంది. కాంట్రాక్టర్ డబ్బు తీసుకుని బస్టాండ్ చేరేసరికి మొదటి కౌంటర్ మళ్ళీ లాగిన్ పేజీకి వచ్చింది. నాలుగింటికి మేడమ్ కంప్యూటర్ బిల్లింగ్ ఆపించారు. బీరువాలోంచి కార్బన్ బిల్లు పుస్తకాలు తీశారు.

ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉండిపోయాను. ఇంటి నుంచి భోజనం వచ్చింది కానీ తినబుద్ధి కాలేదు. కొత్తగా ఏం చేసినా ముందు పూర్తి బ్యాకప్ ఉండాలని ఒంటిగంట దాటాక సర్వర్‌ని పూర్తిగా ఆపేశాను. రీస్టార్ట్ కాదు, ఆపేయడం. కాపీ మొదలుపెట్టి ల్యాప్‌టాప్ వైపు తిరిగాను. అందులో పొద్దుటి నుంచి పింగ్ విండో ఒకటి తెరిచే ఉంది.

అది ఇంకా నడుస్తోంది.

192.168.1.10 నుంచి జవాబు. ఒక మిల్లీసెకండ్ కంటే తక్కువ. మళ్ళీ జవాబు. మళ్ళీ. నేను ఆపేసిన సర్వర్ నుంచి జవాబులు వస్తున్నాయి. తప్పు మెషీన్ ఆపానేమోనని మళ్ళీ చూశాను, కాదు, ఆగిపోయే ఉంది. అంతకుముందు రీస్టార్ట్ చేసినప్పుడల్లా నా గది నుంచి చేశాను, పింగ్ వైపు చూడలేదు. ఒళ్ళు జలదరించింది, ఆ వెంటే ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఒక గట్టి ఆధారం దొరికింది.

ల్యాప్‌టాప్‌లో ఏఆర్‌పీ పట్టిక, అంటే ఏ ఐపీ ఏ నెట్‌వర్క్ కార్డుదో కంప్యూటర్ గుర్తుపెట్టుకునే జాబితా, చూశాను. ఆ ఐపీకి ఎదురుగా ఉన్న మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) నాకు తెలియనిది. మా వర్చువల్ మెషీన్ ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద ఉంది కాబట్టి దాని మ్యాక్ బీసీ:24:11తో మొదలవుతుంది. మొదటి మూడు జతలు ఎవరు తయారుచేశారో చెబుతాయి. ఇది ఇంకేదో కంపెనీ కార్డు. సర్వర్ మళ్ళీ ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌లో లినక్స్ నుంచి, ఆ ఐపీ ఏ మ్యాక్‌దని అడిగే ఆర్పింగ్ కమాండ్ కొట్టాను. ఒక్కో ప్రశ్నకు రెండేసి జవాబులు, రెండు వేరువేరు మ్యాక్‌లు, ఒకదాని కింద ఒకటి వరుసగా పడుతున్నాయి. ఐదు రూపాయల ఖర్చు లేని పరీక్ష, పది సెకన్ల పని. సోమవారం పొద్దున పింగ్ బదులు ఇది కొట్టి ఉంటే తొమ్మిదింటికల్లా విషయం తేలిపోయేది.

ఆ రెండో మ్యాక్ ఎవరిదో ఇంకా తెలియదు. సీసీటీవీ బాక్సేమో, కొత్తగా పెట్టిన స్కానింగ్ మెషీనేమో అనుకున్నాను. అది ఎస్‌ఎస్‌హెచ్‌కి (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) జవాబిస్తుందేమో చూద్దామని, ల్యాప్‌టాప్‌లో ఆ మ్యాక్‌నే ఆ ఐపీకి చేత్తో కట్టేసి లాగిన్ కొట్టాను. సర్వర్ గుర్తింపు కీ మారితే వచ్చే పెద్ద హెచ్చరిక వస్తుందనుకున్నాను. రాలేదు. మా పాస్‌వర్డ్ పనిచేసింది. సర్వర్ పేరు మాదే. ఫోల్డర్లు మావే. కొద్దిసేపు నాకు పిచ్చెక్కినట్టయింది. కాపీ తీసినప్పుడు పేరుతో, పాస్‌వర్డ్‌తో పాటు ఆ కీలు కూడా అలాగే వచ్చేశాయి కాబట్టి బయట నుంచి రెండిటికీ తేడా లేదు. అప్పుడు మెషీన్ ఎంతసేపటి నుంచి నడుస్తోందో చెప్పే అప్‌టైమ్ కమాండ్ కొట్టాను. నాలుగు రోజుల మూడు గంటల నలభై ఒక్క నిమిషాలు.

వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టాను. జూన్ 19 తెల్లవారుజామున 1:21 నుంచి వెనక్కి వెళ్తే శనివారం రాత్రి 9:40. యూపీఎస్ కరెంటు ఇచ్చిన నిమిషం.

లేచి రాక్ దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను. పాత టవర్ పక్క రేకు మీద అరచేయి పెట్టాను. వెచ్చగా ఉంది. కాగితం మూల లేపితే కింద పచ్చ లైటు. పక్కనే కొత్త సర్వర్ ఫ్యాన్ల హోరులో దాని చప్పుడు వినబడలేదు. 2018లో రాత్రిళ్ళు కరెంటు పోయి వస్తే సర్వర్ ఆన్ చేయడానికి మనిషి రావాల్సిన పని లేకుండా, కరెంటు రాగానే దానంతట అదే లేచేట్టు బయాస్‌లో (మెషీన్ మూల సెట్టింగులు ఉండేచోట) పెట్టించాం. మార్చి తర్వాత యూపీఎస్ పూర్తిగా ఆగి మళ్ళీ లేచింది ఆ శనివారమే. షట్‌డౌన్ చేసిన మెషీన్ చచ్చిన మెషీన్ కాదు, వైరు పీకితేనే అని ఆ వెచ్చదనం నా చేతికి చెప్పింది.

విండోస్ అయి ఉంటే అడ్రస్ ఇంకెవరో వాడుతున్నారని స్క్రీన్ మీద చెప్పి ఉండేదేమో. చేత్తో ఇచ్చిన అడ్రస్ విషయంలో మా ఉబుంటు సర్వర్లు రెండూ కిక్కురుమనలేదు. ఇలాంటి గొడవ ఎలా పసిగట్టాలో 2008లోనే ఆర్‌ఎఫ్‌సీ 5227 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో రాసిపెట్టారు. అది నేను చదివింది ఆ తర్వాతి వారంలో.

ఇక్కడ ఒక జాగ్రత్త. చెయ్యి పవర్ బటన్ మీదికి వెళ్ళింది, ఆపుకున్నాను. నాలుగు రోజుల బిల్లులు, రిజిస్ట్రేషన్లు అందులో ఉన్నాయి. నెట్‌వర్క్ కేబుల్ మాత్రం పీకాను. తర్వాత కొత్త సర్వర్ నుంచి 'ఈ అడ్రస్ నాది' అని ఆర్పింగ్‌తో మళ్ళీ ప్రకటన పంపాను. కౌంటర్ నుంచి కౌంటర్‌కి తిరిగి ప్రతి కంప్యూటర్‌లో మ్యాక్ చూశాను. అన్నిటిలో బీసీ:24:11. అప్పటికి మూడు దాటింది. క్యాజువాలిటీ ముందు బెంచీ మీద కూర్చుని చల్లారిన అన్నం తిన్నాను.

గురువారం పొద్దున పాత మెషీన్‌కి వేరే అడ్రస్ ఇచ్చి డేటా బయటికి తీశాం. నాలుగు రోజుల్లో అందులోకి 212 మంది పేషెంట్లు, 264 బిల్లులు, 71 ల్యాబ్ ఆర్డర్లు వెళ్ళాయి. పేషెంట్ నంబర్లు 24,207 నుంచి 24,418 దాకా ఇద్దరిద్దరికి ఒకే నంబర్. కంపెనీ వాళ్ళు డేటా కలపడానికి 15,000 అడిగారు, ఇచ్చాం. కానీ నంబర్లు గుద్దుకున్నచోట ఏ ప్రోగ్రామూ సొంతంగా తేల్చలేదు. ఆ సీనియర్ క్యాషియర్ అక్క, ఏప్రిల్‌లో చేరిన అమ్మాయి, నేను, ల్యాబ్ టెక్నీషియన్ కలిసి కాగితం చిట్టీలు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటి చూసి కొత్త నంబర్లు ఇచ్చాం. గురువారం నుంచి సోమవారం రాత్రి దాకా పట్టింది. ఓవర్‌టైమ్ 6,200. సోమవారం పెట్టెలో ఎక్కువ వచ్చిన 38,450 రూపాయలు, పాత సర్వర్‌లో ఆ రోజు పడిన బిల్లులు పైసాతో సహా సరిపోయాయి. అకౌంట్స్ ఆయన కాగితం మీద గీత గీసి, క్యాషియర్లిద్దరికీ చూపించాడు. ఆ అమ్మాయి ఏడ్చేసింది. తన మీద అనుమానం పడిందేమోనని నాలుగు రోజులుగా నిద్రపోలేదట. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. ఇద్దరికీ అందరి ముందూ క్షమాపణ చెప్పాను.

71 ల్యాబ్ ఆర్డర్లూ చూశాం. మూడు రిజల్టులు వేరే వాళ్ళ పేజీలోకి వెళ్ళి ఉన్నాయి, మూడూ మామూలు షుగర్ పరీక్షలు, డాక్టర్లు కాగితం రిపోర్టు చూసే మందు రాశారు. మేడమ్ ఆ ముగ్గురికీ తనే ఫోన్ చేసి మాట్లాడారు.

ఇప్పుడు పాత టవర్‌కి ఏ వైరూ లేదు, డిస్కు విడిగా బీరువాలో ఉంది. బయాస్‌లో ఆ సెట్టింగ్ తీసేశాను. జూన్ 28న 18,500 పెట్టి, ఏ మ్యాక్ ఏ పోర్టులో ఉందో చూపించే స్విచ్ కొన్నాం. ప్రతి కేబుల్‌కి రెండు చివరలా లేబుల్ కట్టాం. ఒక చిన్న కంప్యూటర్‌లో ఏఆర్‌పీవాచ్ పెట్టాను. ఒక ఐపీ వెనక మ్యాక్ మారితే నాకు మెయిల్ వస్తుంది. ఒకసారి వచ్చింది కూడా, ఎవరో వార్డులో సొంత రౌటర్ పెట్టారు, పది నిమిషాల్లో వెళ్ళి తీయించాను.

212 మందికీ ఫోన్ చేసి కొత్త నంబర్ చెప్పాం. తొమ్మిది మంది దొరకలేదు. ఎనిమిది మంది తర్వాత వారంలో రివ్యూకి వచ్చినప్పుడు కార్డులు మార్చాం. మిగిలింది ఆ 24,318 పెద్దామె. ఇచ్చిన ఫోన్ నంబర్ హైదరాబాద్‌లో ఉండే కొడుకుది, ఎప్పుడు చేసినా స్విచాఫ్. జూలై 4 శుక్రవారం ఆమె తిప్పర్తి నుంచి బస్సెక్కి రివ్యూకి వచ్చింది. కౌంటర్ నుంచి అక్క ఫోన్ చేసింది, పరిగెత్తుకుంటూ వెళ్ళాను. కొంగు ముడిలోంచి కార్డు తీసి ఇచ్చింది. "ఇది చెల్లదా బిడ్డా?" అని అడిగింది. కొత్త కార్డు ప్రింటు తీసి చేతిలో పెట్టాను, పేరు చదివి వినిపించాను, వయసు అడిగి సరిచూసుకున్నాను. పాత కార్డు తీసుకుని నా లిస్టులో చివరి పేరు పక్కన టిక్ పెట్టాను.